ఎలుకలు కొట్టిన హార్మోనియము



నేటి నా ప్రసంగవిషయము శాస్త్రగ్రంథములలో చెప్పబడినది కాదు. కావ్యములలో వర్ణింపబడినదియు కాదు. ఇంటి అటకమీద మూలబడియున్న వాద్యమును ఎలుకలు పాడుచేసినప్పుడు దానిని ఎట్లు బాగుచేసికొనవలెనను గృహస్థుని చిక్కును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పిన నాకు ఈ విషయమున అధికారమేమని మీరు అడుగవచ్చును. అధికారము లేదు, అనుభవము కలదు. అందులో సగము నా తప్పులవలన వచ్చినదే.

మా అన్నగారు నాటకములకు హార్మోనియము వాయించెడివారు. రాత్రి పదిగంటలకు తెరయెత్తిన పౌరాణిక నాటకము కోడికూతవరకు సాగినను ఆయన పెట్టె ముందునుండి లేచెడివారు కారు. 2003వ సంవత్సరమున ఆయన కాలధర్మము నొందిరి. మా వదినెగారు ఆ పెట్టెను పాత దుప్పటిలో చుట్టి అటకమీద పెట్టించిరి. పదునెనిమిది సంవత్సరముల తరువాత ఇంటికి సున్నము వేయించు సందర్భమున దానిని క్రిందికి దించితిమి. దించుచుండగనే నల్లని ఎలుకపెంటికలు జలజల రాలినవి. తిత్తికి పిడికిలి దూరునంత రంధ్రము పడియున్నది. పాతసామానులవానికి ఇచ్చివేయుదమని ఇంటి పిల్లలు అనిరి. వదినెగారు మాత్రము, "ఒక్కసారి పలుకుతుందేమో చూడు నాయనా" అనిరి. అంతకుమించి ఒక్కమాటయు అనలేదు. నేను పూనుకొనుటకు అదియే కారణము.

మూషికము అను మాట దొంగిలించుట అను అర్థము గల 'ముష' ధాతువునుండి పుట్టినది. దొంగ పడిన ఇంటివారు మొదట చేయవలసిన పనియేమి? ఏడ్చుట కాదు, ఏమి పోయినది, ఏమి మిగిలినది అని పట్టిక వ్రాసికొనుట. వాద్యము విషయమునను అంతియే. ఎలుక వాద్యముమీద పగచేత దానిని కొరకదు. దాని ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. వానిని అరగదీసికొనుటకు ఏదో యొకటి కొరుకుచుండవలెను. గూడు కట్టుకొనుటకు మెత్తని వస్తువు కావలెను. తినుటకు పిండియో, జిగురో, తోలో కావలెను. ఈ మూడును మన వాద్యములలో కలవు. కనుక అది ఎక్కడెక్కడ పండ్లు పెట్టినదో చూచినచో ఆ వాద్యము దేనితో చేయబడినదో తెలియును.

హార్మోనియము ఐరోపాలో పుట్టినది. కాలితో త్రొక్కు ఆ పెద్ద వాద్యమును నేలమీద కూర్చుండి చేతితో వాయించుటకు అనువుగా మార్చిన కీర్తి కలకత్తాలోని ద్వారకానాథ ఘోషునకు చెప్పుదురు. అది పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున జరిగినది. గమకములు పలుకవను ఆక్షేపణచేత 1940లో ఈ ఆకాశవాణియే దానిని బహిష్కరించెను. 1971లో గాని ఆ నిర్బంధము సడలలేదు. రేడియోలో చోటులేని ఆ దినములలోనే అది మన నాటకరంగమున రాజ్యమేలినది.

దాని నిర్మాణము సులభముగా తెలియదగినదే. వెనుక తిత్తిని చేతితో ఊదగా గాలి లోపలి తిత్తిలో చేరును. అచ్చటి స్ప్రింగులు ఆ గాలిని అదిమి పట్టియుంచును. వ్రేలితో మెట్టు నొక్కినప్పుడు దాని క్రింది మూత లేచి గాలికి దారి యిచ్చును. ఆ దారిలో ఇత్తడి పలకకు ఒక కొన బిగింపబడిన సన్నని ఇత్తడి నాలుక యొకటి అదరి స్వరము పలుకును. దీనినే రీడు అందురు. మా అన్నగారి పెట్టెలో నలుబదిరెండు మెట్లు, మెట్టునకు రెండేసి చొప్పున ఎనుబదినాలుగు రీడ్లు ఉన్నవి.

ఇప్పుడు పట్టిక వినుడు. తిత్తి మడతలు అట్టతోను గుడ్డతోను చేయబడి, మూలలయందు పలుచని తోలు అంటింపబడియుండును; అది పోయినది. మెట్ల క్రింది మూతలకు అంటించిన తోలును, ఉన్నిగుడ్డయు చాలవరకు పోయినవి. నాలుగు మెట్ల కొనలు కొరుకబడినవి. కాని పెట్టె చెక్క చెక్కుచెదరలేదు. స్ప్రింగులు ఉన్నవి. రీడ్లు ఎనుబదినాలుగును తమతమ స్థానములలోనే ఉన్నవి. అనగా దొంగ పట్టుకొనిపోయినది వస్త్రములనే గాని కంఠమును కాదు. చాల వాద్యములలో ఇట్లే జరుగును. తోలు, గుడ్డ, మైనము, జిగురు నశించునవి అని పూర్వపు పనివారు ఎరుగుదురు. అందుచేతనే వానిని ఎప్పటికప్పుడు విప్పి మార్చుటకు వీలుగా అమర్చిరి. ఈ మర్మము తెలియక మనము వాద్యమునే పారవేయుచున్నాము.

ఇక శుభ్రము చేయువిధము. పెట్టె దింపినవెంటనే అందరును చేయు మొదటి పని తిత్తి ఊది చూచుట. అది ఎన్నడును చేయరాదు. లోపలి ధూళి అంతయు మీ ముక్కునకు వచ్చును. రీడ్ల సందులలోను చిక్కుకొనును. ఎలుక మూత్రము తగిలిన చెమ్మవలన, చేతికి గాటు ఉన్నచో, లెప్టోస్పైరోసిస్ అను జ్వరము రాగలదు. ఎండిన పెంటికల ధూళి పీల్చినను కొన్ని రోగములు కలుగవచ్చును. కనుక పెట్టెను ఆరుబయట నీడపట్టున పెట్టి, చేతికి రబ్బరు తొడుగులు, ముక్కునకు మాస్కు ధరించి తెరువవలెను. చీపురుతో ఊడ్వరాదు. అటక నేలమీద బ్లీచింగుపొడి కలిపిన నీరు చల్లి, పది నిమిషములు నాననిచ్చి, తడిగుడ్డతో ఎత్తివేయవలెను. వాద్యములో మాత్రము ఆ నీరు వాడరాదు. అది ఇత్తడిని, తోలును తినివేయును. లోపలి పచ్చిచెక్కను స్పిరిటులో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడువవచ్చును. పైభాగమును ఆ గుడ్డతో తాకరాదు. పాత పెట్టెలకు లక్కతో మెరుగు పెట్టుదురు. స్పిరిటు తగిలిన ఆ మెరుగు కరగిపోవును. చెమ్మ ఆరుటకు ఎండలోను పెట్టరాదు; చెక్క బీటలు వారును.

విప్పుటకు ముందు ప్రతి మెట్టునకు ఎడమనుండి కుడికి పెన్సిలుతో అంకెలు వేయుడు. తీసిన మరలను, స్ప్రింగులను ఆ అంకెలు వ్రాసిన కాగితపు పొట్లములలో వేరువేరుగ నుంచుడు. పరీక్షాపత్రములకు వరుససంఖ్యలు వేసిన అలవాటు నాకు ఇచ్చట పనికివచ్చినది.

మెట్లు తీసినప్పుడు లోపల ఎలుకగూడు కనబడినది. ఉన్నిపోగులు, దుప్పటి పీలికలు, కాగితపు ముక్కలు. ఆ ముక్కలలో కొన్ని మా అన్నగారు పద్యములకు రాగములు గుర్తు పెట్టుకొనిన కాగితములవి. ఒకదానిమీద 'మోహన' అను మాట, మరియొకదానిమీద సగము తెగిన 'కానడ' మిగిలినవి. వానిని పారవేయలేకపోతిని.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. రీడ్లమీద అక్కడక్కడ పచ్చని కిలుము పట్టియున్నది. ఇత్తడిచెంబును తోమినట్లు ఒక రీడును చింతపండుతో తోమితిని. బంగారమువలె మెరసినది. మరునాడు వాయించిచూడగా స్వరము స్థానము తప్పినది. మా ప్రాంతమున హార్మోనియములు బాగుచేయు వృద్ధుడొకనికి దానిని చూపితిని. ఆయన దానిని వెలుతురునకు పట్టి చూచి, "మాస్టారూ, ఇది చెంబు కాదండీ, గొంతు. గొంతుని ఎవరన్నా తోముతారా?" అనెను. నాకు సిగ్గు వేసినది. తరువాత ఆయన వివరముగా చెప్పెను. నాలుక కొనవైపున ఏమాత్రము లోహము తగ్గినను స్వరము పైకిపోవును. బిగించిన మొదటివైపున తగ్గినచో క్రిందికి దిగును. శ్రుతి చేయువారు ఆకురాయితో వెండ్రుకవాసి గీచుట ఇందుకే. నేను కొనను రుద్ది రుద్ది స్వరమును పైకెత్తితిని. దానికితోడు నాలుకను కొంచెము వంచితిని. రీడును శుభ్రము చేయవలసిన విధము వేరు. మెత్తని పొడికుంచెతో బిగించిన చోటినుండి కొనవైపునకు మాత్రమే తుడువవలెను. నాలుకకును పలకకును నడుమ చిక్కిన ధూళిని పలుచని కాగితము దూర్చి మెల్లగా లాగవలెను. అంతకుమించినది పనివానికి విడిచిపెట్టవలెను.

అంతటితో కథ ముగియలేదు. చూచుటకు ఏ లోపమును లేని రెండు రీడ్లు వాయించుచుండగనే టప్పున విరిగినవి. దీనికి కారణము తెలిసికొనదగినది. ఇంగ్లీషువారి సైన్యము ఈ దేశముననున్న దినములలో ఇత్తడి తూటాగొట్టములను గుర్రపుసాలలలో నిలువచేయగా, వానకాలమున అవి తమంతట తామే బీటలు వారుచుండెడివి. గుర్రముల మూత్రమునుండి వెలువడు అమోనియా, చెమ్మతో కలిసి, సాగదీయబడి లోపల బిగువుతోనున్న ఇత్తడిని చీల్చునని 1921లో శాస్త్రజ్ఞులు వివరించిరి. ఎలుక మూత్రమునందును ఆ అమోనియా పుట్టును. రేకుగ సాగగొట్టిన రీడునందును ఆ బిగువు ఉండవచ్చును. విరిగిన ఆ రెండును గూటికి సరిగా క్రిందనున్నవే. కనుక ఎలుక కంఠమును తినదు గాని, దాని మలినము కంఠముమీద ఏండ్లతరబడి నిలిచినచో కంఠమునకును ముప్పు తప్పదు. ఈనాడు దింపిన వాద్యమును వచ్చే సంవత్సరము చూచుకొందమనుట మంచిది కాదు.

తిత్తి సంగతి. రంధ్రములను వెదకుటకు సులభమైన ఉపాయము కలదు. చీకటిగదిలో తిత్తిలోపల టార్చిలైటు వెలిగించి చూచినచో సూదిమొనయంత బెజ్జమైనను నక్షత్రమువలె కనబడును. చిన్న బెజ్జమునకు పలుచని మేకతోలును, అంచులు ఇంకను పలుచగా చెక్కి, అంటింపవలెను. అంచు మందమైనచో మడత సరిగా ముడుచుకొనదు. మడత పెద్దభాగము పోయినచో అతుకులు వేయక ఆ మడతనంతయు క్రొత్తగా కట్టించుటయే మేలు. బాగైన పిదప స్టాపులు మూసి, ఏ మెట్టును నొక్కక, తిత్తి నింపి విడిచిచూడుడు. లోపలి తిత్తి మెల్లమెల్లగా దిగవలెను. ఒక్కుమ్మడిగా కూలబడినచో ఇంకను సందున్నదని అర్థము. మెట్టు నొక్కకయే ఏదైన స్వరము మ్రోగుచున్నచో దాని మూతక్రింది తోలు సరిగా కూర్చుండలేదని తెలిసికొనవలెను.

జిగురు విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. వడ్రంగులు వజ్రము అను జిగురును వాడెడివారు. అది పశుచర్మమును ఉడికించి తీసినది. నీటిలో నానబెట్టి, వేడినీటిపాత్రలో మరియొక పాత్రనుంచి కరగింపవలెను. సుమారు 60 డిగ్రీల వేడి చాలును. మరగించినచో పట్టు తగ్గును. ఈ జిగురుయొక్క గొప్పతనమంతయు దాని బలములో లేదు. గోరువెచ్చని నీరు తగిలినప్పుడు విడివడుటలో ఉన్నది. ఈనాడు అంగళ్ళలో క్షణములో అంటుకొను జిగుళ్ళు దొరకుచున్నవి. వానితో అంటించినది మరల ఊడదు. ఊడదీయబోయిన చెక్కయే చీలివచ్చును. వ్యాకరణభాషలో చెప్పవలెనన్న, సంధిని విడదీసిన మొదటి రెండు పదములును చెక్కుచెదరక రావలెను గదా! విడదీయుటకు వీలులేని సంధి పదములనే నాశనము చేయును. మా పెట్టెకు ఎప్పుడో ఎవరో సైకిలుట్యూబు ముక్కను రబ్బరుసొల్యూషనుతో అంటించియుండిరి. అది రాయివలె గట్టిపడినది. దానిని ఊడబెరుకుటలో మంచి మడత మరియొకటి చినిగినది. ఎలుక చేసిన చెరుపుకంటె ఆ మరమ్మతు చేసిన చెరుపే ఎక్కువ. కొరుకబడిన మెట్ల కొనలకును మైనముగాని, మందుముద్దగాని పూయక, అదేజాతి చెక్కముక్కను కూర్చి అతికించుట మంచిది.

ఈ నియమములే తక్కిన వాద్యములకును వర్తించును. వీణ కుండకు పనసకర్ర వాడుదురు. బొబ్బిలివీణలు ఒకే మానునుండి తొలిచినందున ఏకాండివీణలని పేరుపొందినవి. ఆ కర్రను ఎలుక అంతగా లక్ష్యపెట్టదు. ఇరువదినాలుగు మెట్లను నిలబెట్టిన నల్లని మైనపుకట్టను మాత్రము కొరుకును. మెట్లు ఊడి పడును. ఊడిన మెట్టును ఇంటిలో అంటింపబోకుడు. మైనము కరగించి, స్వరస్థానము విని మెట్టు నిలుపుటను మేళము కట్టుట అందురు. అది చెవిగల పనివాని విద్య. మనము చేయదగినది రాలిన మెట్లను ఒక్కటియు పోకుండ భద్రపరచుట. మృదంగముమీది నల్లని కరణములో రాతిపొడితోపాటు అన్నము కలియును. ఎడమమూతకు కచ్చేరివేళ రవ్వముద్ద పెట్టుదురు. కచ్చేరి అయిన వెంటనే దానిని గీకివేయక అట్లే అటకయెక్కించుట ఎలుకకు విందు పెట్టుటయే. మూతలు, వారులు పోయినను కట్టె మిగిలియున్నచో మృదంగము మిగిలినట్లే.

ఇక ఎలుక రాకుండ చేయుట. కలరాయుండలు, కర్పూరము, వేపాకు పురుగులకు కొంత అడ్డమేమో గాని ఎలుకలను ఆపజాలవు. విషము పెట్టినచో ఎలుక పోయి పెట్టెలోనే చచ్చి కుళ్ళవచ్చును, బోనే మేలు. చిట్టెలుక దూరుటకు పావు అంగుళపు సందు చాలును. కనుక రేకుపెట్టెలో పెట్టి, గాలికొరకు విడిచిన రంధ్రములకు సన్నని ఇనుపజల్లెడ బిగింపవలెను. పాత దుప్పటులలో చుట్టరాదు. అది గూటికి కావలసిన సామగ్రిని మనమే సమకూర్చుట. ధాన్యమునకును వంటయింటికిని దూరముగా నుంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, పదిహేను దినములకు ఒకసారియైనను తెరచి, రానివారైనను నాలుగు మెట్లు నొక్కవలెను. ఎలుక నిశ్శబ్దమును కోరును. రోజును పలుకు వాద్యములో అది కాపురము పెట్టదు.

మా పెట్టె బాగగుటకు మూడు మాసములు పట్టినది. ఆ మూడు రీడ్లకు బదులు గుజరాతు దేశమునందలి పాలితానా రీడ్లు తెప్పించి వృద్ధుడు శ్రుతి కలిపెను. పాలితానా రీడ్లు హార్మోనియము వాయించువారిలో ప్రసిద్ధికెక్కినవి. నాకు వాయించుట రాదు. వదినెగారి ఎదుట పెట్టెనుంచి, ఎడమనుండి కుడికి ఒక్కొక్క మెట్టే నొక్కుచు పోతిని. ఆమెకు సంగీతము తెలియదని నేను ఇన్నాళ్ళును అనుకొనుచుంటిని. ఒకచోట ఆమె చేయియెత్తి, "ఇది కొత్తది కదూ?" అనిరి. మరి రెండుచోట్లను అట్లే అనిరి. మూడును సరియే. ముప్పది సంవత్సరములు వంటయింటిలోనుండి విన్న చెవి అది. నేను చింతపండు సంగతి ఒప్పుకొంటిని. "పోనీలే, మిగతావన్నీ ఆయనవే కదా" అని ఆమె మెట్లమీద దుమ్ము లేకున్నను చీరచెరగుతో ఒకసారి తుడిచిరి.

శ్రోతలారా! మీ అటకలమీదను ఇట్టి పెట్టెలు ఉండవచ్చును. రేపు ఉదయము వెలుతురు వచ్చిన పిదప, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఒకసారి దింపి చూడుడు. ఏమి పోయినదో వ్రాసికొనుడు. ఏమి మిగిలినదో అంతకంటె శ్రద్ధగా వ్రాసికొనుడు. ఆ రెండవ పట్టిక మీరు అనుకొనిన దానికంటె పొడుగుగా నుండవచ్చును.